చెంచాడు నెయ్యి

మా అత్తమ్మకు ఈల వేయని కుక్కర్ మీద నమ్మకం లేదు. కుక్కర్ అన్నాక మూడు ఈలలు వేయాలి, నాలుగోదానికి ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి దించాలి, అప్పుడే లోపల పప్పు ఉడికినట్టు. కరెంటుతో నడిచే ఈ కుక్కర్ మాత్రం మూగనోము పట్టినట్టు ఓ మూల కూర్చుని, అంతా అయిపోయాక నాలుగుసార్లు కీచుమని ఊరుకుంటుంది. అది ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె పొద్దున్నే దాని చుట్టూ తిరిగేది. మూత మీద చేయి పెట్టి చూసేది. "దీనికి గొంతు లేదు. లోపల ఏమైతుందో ఎవలకెరుక?" అని నన్నే తప్పుపట్టినట్టు చూసేది.

ఆ కుక్కర్ మా ఇంటికి రావడానికి కారణం మా అమ్మాయి. అంతకంటే ముందు కారణం ఒక దూడ.

మాది ఇబ్రహీంపట్నం. మాది అంటే మా అత్తవారిది. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి హయత్‌నగర్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నేను అక్కడే పెరిగి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతూ, పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లుగా ఇక్కడి నుంచి బస్సులో వెళ్లివస్తున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో "అత్తయ్యగారండీ" అని పిలిస్తే ఆమె పకపకా నవ్వి, గంత పొడుగు పిలుపు నాకెందుకు, అత్తమ్మా అంటే పలుకుతా అంది. మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడుపుతాడు. ఇంటి వెనక రేకుల కొట్టంలో నాలుగు బర్రెలున్నాయి. అవి అత్తమ్మవి. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్లు నొస్తాయంటుంది గానీ పాలు పిండేటప్పుడు గొంతుక్కూర్చుంటే లేచేదాకా ఆ నొప్పి మాట ఎత్తదు. ఆ పాలు బడంగ్‌పేట్ దాకా కాలనీలకు పోతాయి. పెరుగు, నెయ్యి మాత్రం ఇంటికే. మా ఇంట్లో గోడలకు కూడా నెయ్యి వాసనే అని మా బడిలో టీచర్లు నన్ను ఆటపట్టిస్తుంటారు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక బర్రె ఈనింది. దూడ పదకొండు రోజులు బతికి పోయింది. దూడ వచ్చి మూతి పెడితే గానీ బర్రె పాలు చేపదు. దూడ లేకపోతే పొదుగు బిగబట్టుకుని, తన్ని, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. అలాంటప్పుడు ఈ ఊళ్లలో ఎప్పటినుంచో చేసే పనే అత్తమ్మ కూడా చేయించింది. దూడ తోలు తీయించి, లోపల వరిగడ్డి కూరి కుట్టించి, కర్రల కాళ్ల మీద నిలబెట్టింది. కాస్త ఉప్పునీళ్లు చల్లి బర్రె ముందు పెట్టింది. బర్రె వాసన చూసి, గురగురమని, దాన్ని నాకడం మొదలుపెట్టింది. పాలు చేపింది. అత్తమ్మ దృష్టిలో అది బర్రెకు చేసిన మేలు కూడా. ఆ బాధ నుంచి దాన్ని తప్పించింది.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రాసి ఇంట్లో ఉంది. చాయ్ గ్లాసు పట్టుకుని కొట్టం దాకా వచ్చి, కడదాకా నిలబడి చూసింది.  గ్లాసు పిట్టగోడ మీద పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి చాయ్ లేదు. తర్వాత పెరుగు లేదు, తర్వాత నెయ్యి లేదు. వయసు కదా, వారంలో దిగిపోతుందని నేను అనుకున్నాను. వారం పోయింది, నెల పోయింది. బిస్కెట్ పొట్లం వెనక రాసిన సన్నని అక్షరాలు కూడా చదివి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. దీనికి వీగన్ అనే పేరుందని ఇంజినీరింగ్‌లో చేరాక ఎవరో చెబితే తెలిసింది తనకు. అప్పటిదాకా దానికి పేరు లేదు, వద్దు అనే మాటే ఉంది.

అత్తమ్మ మొదట పట్టించుకోనట్టే ఉంది. తర్వాత ఒక రోజు అన్నం చివర పెరుగు గిన్నె పట్టుకొచ్చి మనవరాలి పక్కన కూర్చుని అడిగింది. "నా చేతి పెరుగు వద్దంటవా బిడ్డా?"

"నీది కాదు నానమ్మా అది, దాని దూడది" అంది మా అమ్మాయి.

కోపంగా అనలేదు.  అత్తమ్మ గిన్నె తీసుకుని లేచిపోయింది.

ఆ తర్వాత పొద్దున్నే నా వంటగది రణరంగమైంది. తాలింపు గిన్నెలో నెయ్యి, పప్పు గరిటెకు నెయ్యి, ఉప్మాలో నెయ్యి. ఒకే వంట రెండుసార్లు చేయాలంటే ఏడింటి బస్సు తప్పిపోతుంది. నేను అరిచేదాన్ని, అమ్మాయి తినకుండా పోయేది, మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటకు జారుకునేవాడు. చివరికి ఆయనే హయత్‌నగర్ నుంచి ఈ కుక్కర్ పట్టుకొచ్చాడు. నాలుగు బర్రెలున్న ఇంట్లో పాలు ముట్టని పిల్ల మండలం మొత్తం మీద మన దగ్గరే ఉంటుందని బడాయిగానో బాధగానో దుకాణంలో అందరికీ చెప్పాడట.

ఆ కుక్కర్‌కు ఒకటే నియమం పెట్టుకున్నాం. అందులోకి పాలది ఏదీ పోకూడదు.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను ఒక కాగితం మీద పట్టిక గీసి ఫ్రిజ్‌కు అంటించాను. కందిపప్పు అరగంట నానితే పది నిమిషాలు. అలసందలు రాత్రి నానితే పన్నెండు. శనగలు ఇంకా ఎక్కువ. గింజలు ఉడకేసే గుడాలకు ఇంత నీళ్లు, పప్పుకు ఇంత. మొదట్లో అన్నీ తప్పులే. ఒకసారి తాలింపు వేగాక అడుగు గీకకుండా పప్పు పోసి మూత బిగించాను. అడుగంటుతోందని అది అరిచి ఆగిపోయింది. ఇంకోసారి చింతపండు పులుసు ముందే పోశాను. ఎంతసేపు పెట్టినా కందిపప్పు రాళ్లలాగే ఉండిపోయింది. పులుపు తగిలితే పప్పు ఉడకదని అత్తమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నన్ను చూస్తూ కూర్చుంది, చెప్పలేదు. సైన్సు టీచరమ్మకు నేనేం చెప్తా అంది అడిగితే.

మెల్లగా చేయి కుదిరింది. అదే గిన్నెలో పల్లి నూనె వేడిచేసి ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ. మీద టమాటా, పాలకూర, పసుపు, నానిన పప్పు, నీళ్లు. మూత తిప్పి బిగించి మీట నొక్కేసి నేను చీర కట్టుకునేదాన్ని. జడ వేసుకునేలోగా ఉడికేది. సొరకాయ శనగపప్పు, వంకాయ అలసందలు, కొబ్బరిపాలతో బగారా అన్నం, అన్నీ అందులోనే. కష్టమేమీ లేదు. నిజానికి మా ఇంట్లో తినే కూరల్లో సగం ముందు నుంచీ పాలు లేనివే. పచ్చిపులుసులో పాలెక్కడివి, గోంగూరలో పాలెక్కడివి? మనం చివర పోసుకునే నెయ్యి, పెరుగు తప్ప. ఈ సంగతి నేనే కనిపెట్టినట్టు స్టాఫ్‌రూంలో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

పొద్దున నేను ఏడింటికి బయలుదేరేసరికి కుక్కర్‌లో ఆవిరి ఇంకా దిగేది కాదు. ఆవిరి దిగాక మూత తీసి, పప్పుగుత్తితో మెదిపి, ఉప్పు చూసి, పిల్ల డబ్బా కట్టే పని అత్తమ్మది. ఎనిమిదింటికి అమ్మాయి డబ్బా తీసుకుని కాలేజీ బస్సెక్కేది.

అంతా బాగానే ఉందని నేను బడిలో చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం నాకు లోపల దిగులే. పిల్ల సన్నబడింది. దువ్వెన నిండా వెంట్రుకలు. పెళ్లిళ్లలో కనబడిన ప్రతి ఒక్కరూ ఏమమ్మా పిల్లకు పెట్టట్లేదా అని అడిగేవాళ్లు. తొమ్మిదో తరగతికి సమతులాహారం పాఠం చెబుతుంటే, బోర్డు మీద పాలగ్లాసు బొమ్మ గీస్తుంటే, నా చేయి కాసేపు ఆగిపోయేది. నాకు భయమేసేది. ఆ భయం అమ్మాయి ముందు కోపంగా బయటికి వచ్చేది. ఏదో గోలీ వేసుకుంటున్నానని, దవాఖానలో డాక్టరమ్మను అడిగే వేసుకుంటున్నానని తను రెండుసార్లు చెప్పింది. నేను వినిపించుకోలేదు. పాలు తాగితే పోయేదానికి గోలీలేమిటని కసిరాను.

ఒక రెండో శనివారం బడి లేదు. పెరట్లో దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. వంటగది కిటికీ తెరిచే ఉంది. అత్తమ్మ కుక్కర్ మూత తీసి పప్పు మెదుపుతోంది. మెదుపుతూ మెదుపుతూ ఆగి, అమ్మాయి గది వైపు ఒకసారి చూసింది. అలమర పైఅర మీదకు చేయి చాచి నెయ్యి గిన్నె దించింది. మోకాళ్ల నొప్పి, చేయి సరిగా అందలేదు. మునివేళ్ల మీద లేచి దించింది. చెంచాడు నెయ్యి పప్పులో వేసి, గుత్తితో గబగబా తిప్పి, గిన్నె అంచును కొంగుతో తుడిచి, మళ్లీ పైన పెట్టేసింది. అది మొదటిసారి చేసిన పని కాదని ఆ చేతుల తీరు చూస్తేనే తెలుస్తోంది.

నేను లోపలికి పోయి గిన్నె లాక్కోవాలి. కనీసం దగ్గాలి. తడి లంగా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. దాచిపెట్టడం ఎందుకు, నాకు సంతోషం వేసింది.  పోనీ, ఏదో ఒకటి పిల్ల కడుపులోకి పోతోంది కదా అనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం నేను అలమర సర్దుతున్నట్టు సర్ది, నెయ్యి గిన్నెను పైఅర నుంచి తీసి కుక్కర్ పక్కన, ఉప్పు జాడీ వెనక పెట్టాను. అత్తమ్మకు చేయి అందాలని. మర్నాడు ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది.  ఇరవై రెండేళ్లలో ఉప్పు దగ్గరా పులుపు దగ్గరా పండగ దగ్గరా మాకు ఒక్క మాట కుదరలేదు. ఈ ఒక్క పని మాత్రం మాటే అవసరం లేకుండా కలిసి చేశాం.

నెల పైనే నడిచింది. అమ్మాయికి తెలియలేదు. వెల్లుల్లి, ఇంగువ ఘాటులో చెంచాడు నెయ్యి ఏం తెలుస్తుంది? అందులోనూ మా ఇంటి గాలిలోనే నెయ్యి ఉంటుందాయె.

ఒక ఆదివారం పొద్దున అమ్మాయి రొట్టెలోకని ముందురోజు మిగిలిన పప్పు గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసింది. మూత తీసి చాలాసేపు చూసింది. నేను స్టవ్ దగ్గర రొట్టెలు కాలుస్తున్నాను. అత్తమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అమ్మాయి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. పప్పు మీద తెల్లగా, సన్నటి పొర పేరుకుని ఉంది. వేలితో గీసి చూపించింది. పల్లి నూనె అలా పేరుకోదు. బర్రె నెయ్యే పేరుకుంటుంది. అది చెప్పడానికి సైన్సు టీచరు అక్కర్లేదు.

"ఎవరు పోసిన్రు?" అంది.

అత్తమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే తలెత్తింది. "నేనే పోసిన" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఊరుకున్నా కొంత నయం. నేను ఊరుకోలేదు. అట్లకాడ పక్కన పెట్టి, అత్తమ్మ వైపు తిరిగి, "ఎందుకలా చేశారత్తమ్మా? పిల్ల వద్దన్నాక వద్దనేగా?" అన్నాను. బడిలో పిల్లల్ని మందలించే గొంతుతోనే అన్నాను.

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. ఉప్పు జాడీ వైపు చూడలేదు. ఆమె చూసి ఉంటే అంతా అక్కడే తేలిపోయేది. చూడకుండా, తల దించుకుని, ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

అమ్మాయి అరవలేదు. ఏడవలేదు. కుక్కర్ తీగ ఊడదీసి చుట్టి, గిన్నెతో సహా ఎత్తుకుని తన గదిలోకి పోయింది. ఆ రోజు నుంచి తన వంట తన గదిలోనే. పప్పుల డబ్బాలు, నూనె సీసా, చిన్న కత్తిపీట అన్నీ మంచం కిందికి చేరాయి. కాలేజీ నుంచి వచ్చి తలుపు వేసుకునేది. కాసేపటికి తలుపు సందులోంచి తాలింపు వాసన వచ్చేది. మాతో మాట్లాడేది, నవ్వేది, మా ఆయన బండి మీద ఊరంతా తిరిగేది. మా చేతిది మాత్రం ఒక్క మెతుకు ముట్టేది కాదు. అరటిపండు ఇస్తే తీసుకునేది, ఎందుకంటే దానికి తొక్క ఉంటుంది.

అత్తమ్మ వంటగదిలోకి రావడం మానేసింది. పొద్దంతా కొట్టంలోనే. ఒక సాయంత్రం నేను చాయ్ తీసుకుపోతే, బర్రె మెడ గోకుతూ, నా వైపు తిరగకుండా చెప్పింది. తన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇంట్లో రెండు బర్రెలుండేవట. పాలన్నీ పాల కేంద్రానికే. పొద్దున పిల్లలు జొన్నరవ్వ గటక తాగి బడికి పోయేవాళ్లు, పచ్చిపులుసు పోసుకుని అన్నం తినేవాళ్లు. మా ఆయనకు ఒకసారి జ్వరమొచ్చి పెరుగన్నం కావాలని ఏడిస్తే, పాలు తగ్గితే కేంద్రంలో ఖాతా పోతుందని అప్పట్లో ఇల్లు నడిపిన మా మామయ్య పెట్టనియ్యలేదట. "నా పిల్లలకు పెట్టలేకపోయిన. ఇప్పుడు ఇంట్ల ఉన్నది, పిల్ల వద్దంటది. నా పానం ఊకుంటదా?" అంది.

 ఆమెకు ఒక కారణముంది. ఎంత పాతదైనా, ఎంత తప్పుదారిన వచ్చినా, అది కారణమే. నాకేముంది? పెళ్లిళ్లలో నలుగురూ నన్ను అనకూడదని తప్ప? అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. చాయ్ చల్లారిపోతుంది తాగండి అని వచ్చేశాను.

మూడు వారాలు గడిచాయి. ఒక రోజు నేను బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి అమ్మాయి గది తలుపు సగం తెరిచి ఉంది. అమ్మాయి గడపకు లోపల నిలబడి ఉంది. అత్తమ్మ గడపకు బయట నిలబడి ఉంది, చేతిలో ఒక స్టీలు గిన్నె. పచ్చిపులుసు చేసి తెచ్చింది.

"ఇందుల ఏమేసినవ్ నానమ్మా?" అని అడుగుతోంది అమ్మాయి. మెత్తగానే అడుగుతోంది.

అత్తమ్మ ఒక్కొక్కటే చెప్పసాగింది. చింతపండు. ఉల్లిగడ్డ. కాల్చిన పచ్చిమిరపకాయ. ఉప్పు. కొత్తిమీర. చెప్పి ఆగి, ఏదైనా మరిచిపోయానేమోనని ఆలోచించి, జీలకర్ర అంది. తర్వాత, "గిన్నె సుత సబ్బు పెట్టి తోమిన బిడ్డా" అంది.

ఈ ఊళ్లో పెళ్లిళ్లకు వంటమనిషి కూర ఉప్పు చూడమని ఈమెకే గరిటె అందిస్తాడు. అలాంటి మనిషి తన మనవరాలి గడప ముందు సాక్షిలా నిలబడి, తన చేతి పులుసులో ఏమున్నదో లెక్క చెబుతోంది. గిన్నె తోమానని చెబుతోంది.  భుజాన సంచి ఉందని కూడా మరిచిపోయాను.

"నాకు తెలుసు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నానమ్మ పోస్తుంటే చూశానని, వద్దనలేదని, సంతోషపడ్డానని చెప్పాను. నెయ్యి గిన్నె దించి ఆమెకు అందేలా పెట్టింది నేనేనని చెప్పాను. ఆ ఆదివారం పిల్ల ముందు అత్తమ్మను అన్న మాట దొంగమాట అని చెప్పాను. అంతా చెప్పాను.

అత్తమ్మ మధ్యలోనే చేయి అడ్డం పెట్టింది. "నువ్వు ఊకో. అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తోడుతవ్?" అంది.

అమ్మాయి నన్నే చూసింది.  తర్వాత అంది. "నానమ్మ ప్రేమ అనుకొని పోసింది. తప్పని ఆమెకు తెల్వది. నీకు తెలుసమ్మా."

అంతే అంది. నానమ్మ చేతిలోంచి గిన్నె అందుకుంది. ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. తలుపు వేయలేదు. నేను బయట నిలబడి, వాళ్లిద్దరూ ఒకే గిన్నెలోంచి పచ్చిపులుసు పోసుకుని తినడం చూశాను. నన్ను రమ్మనలేదు. రమ్మంటుందని ఆశపడే ముఖం నాకు లేదు.

ఆ తర్వాత ఆ గదిలో వంట ఇద్దరిదయింది. అత్తమ్మకు మీటలు రావు, అమ్మాయి నొక్కేది. అమ్మాయికి పాళ్లు తెలియవు, అత్తమ్మ వేలు ముంచి నీళ్లు కొలిచేది. నా పట్టిక ఎవరికీ అక్కర్లేకపోయింది. కుక్కర్‌లో జొన్న గటక కాచారు. అనుములు, చింతచిగురు కలిపి వండారు. మొదటిసారి గటక పల్చనయిపోతే, దీని మూతి మూసేస్తే నేనెట్ల కలపాలె అని అత్తమ్మ కుక్కర్‌ను తిట్టింది. అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వింటూ నేను ఈవల హాల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. వండినదాంట్లో నాకూ మా ఆయనకూ ఒక గిన్నె పంపేవాళ్లు. తినేదాన్ని. బాగుండేది. నేను చేసింది మాత్రం ఆ గడప దాటేది కాదు. నేను చేస్తానని అనలేదు కూడా. అడిగితే మర్యాదకు సరే అంటుందేమోనని భయం. మర్యాదకు తినడం కంటే తినకపోవడమే నయం.

ఈలోగా నేను చేయగలిగింది ఒకటి చేశాను. అమ్మాయితో దవాఖానకు పోయి, ఆ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, చెప్పినదంతా విన్నాను. వారానికో విటమిన్ గోలీ, పప్పులు, పల్లీలు, నువ్వులు. రక్తం ఎలా ఉందో కాగితం చూపించింది. బాగానే ఉంది. జుట్టు రాలడం పరీక్షల దిగులుకట, బోరునీళ్లకట. ఆడపిల్లల జుట్టు ఊడితే అమ్మలందరూ పాలగ్లాసు పట్టుకునే వస్తారని ఆవిడ నవ్వింది. మొదటిసారి చెప్పినప్పుడే ఇదంతా విని ఉంటే? 

అలా ఆరు నెలలు. అత్తమ్మ బర్రెలు అలాగే ఉన్నాయి, పాలు పోతూనే ఉన్నాయి. నేనూ మా ఆయనా పెరుగు వేసుకుంటూనే ఉన్నాం. అమ్మాయి దాని గురించి ఒక్క మాట అనదు. అనకపోవడమే మాకు ఎక్కువ తగులుతుంది.

పోయిన నెలలో అత్తమ్మ చెల్లెలికి బాగాలేదంటే, చూడ్డానికి మా ఆయన అత్తమ్మను అబ్దుల్లాపూర్‌మెట్ తీసుకుపోయాడు. ఇంట్లో నేనూ అమ్మాయే. నాకు ఆ రోజు సెలవు. పొద్దున ఆరున్నరకు నేను వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే, అమ్మాయి తన గదిలోంచి కుక్కర్ ఎత్తుకుని వచ్చింది. వంటగదిలో పాత చోటే పెట్టింది. తీగ గుచ్చింది. తలకు నూనె పెట్టుకుని ఉంది.

"తలస్నానం చేసొస్త. పప్పు నానింది. నువ్వు పెట్టమ్మా" అంది. అని నా జవాబు కోసం ఆగకుండా తువ్వాలు తీసుకుని పోయింది. స్నానాల గది తలుపు గడియ పడిన చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించాయి.

వంటగదిలో నేనొక్కదాన్నే.  పాతికేళ్లుగా పప్పు వండుతున్న మనిషిని, ఆవాల డబ్బా కోసం మూడు డబ్బాల మూతలు తీశాను. నూనె పోసేటప్పుడు సీసా మీద పేరు రెండుసార్లు చదివాను. తాలింపు వేసి, టమాటాలు మగ్గించి, అడుగు గీకి, పప్పు పోసి మూత బిగించాను. ఆవిరి దిగేదాకా దాని ముందే నిలబడ్డాను, ఎటూ కదల్లేదు. మెదిపాను. ఉప్పు చూశాను. చింతపండు రసం పోసి ఒక్క పొంగు రానిచ్చాను.

అమ్మాయి తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. నేను వేడన్నం పెట్టి పప్పు వేశాను. ఇందులో ఏమేం వేశానో చెప్పాలని నోరు తెరిచాను. నూనె పల్లి నూనే, గరిటె కడిగాను, అని అన్నీ నాలుక మీదికి వచ్చాయి. పేరుపేరునా చెబితే గానీ నాకు తినిపించే అర్హత లేదనిపించింది.

తను అప్పటికే కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతూనే నా మొహం చూసింది. నేనేం చెప్పబోతున్నానో తనకు తెలిసిపోయింది.

"నేనేమన్న అడిగిన్నా?" అంది. ఇంకో ముద్ద కలుపుకుంది.

నేను పైకి ఏడవలేదు. నీళ్లు తెస్తానని లేచి, కుండ దగ్గర తన వైపు వీపు పెట్టి నిలబడ్డాను. గ్లాసు నిండిపోయి కిందికి కారుతున్నా ముంచి పోస్తూనే ఉన్నాను. వెనక నుంచి కంచంలో వేళ్ల చప్పుడు వినబడుతోంది. ఆకలిగా తింటున్న పిల్ల చప్పుడు.

"అమ్మా, ఇంకొంచెం పప్పు" అంది.